అరువు మేతతో మొదలైన రొయ్యల చెరువు

కలిదిండి చుట్టుపక్కల రొయ్యల చెరువు లీజుకు తీసుకున్నవాడు తనను రైతు అనుకుంటాడు. చేసేది మాత్రం వ్యాపారం. లీజు ముందే కట్టాలి, సీడ్‌కు డబ్బు పెట్టాలి, ఏరేటర్లకు కరెంటు, అది పోతే డీజిల్ చూసుకోవాలి. వీటికే చేతిలోది అయిపోతే మేత డీలర్ దగ్గర అరువు. 2009లో వనామీ రకం రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక ఈ ప్రాంతంలో ఇదే ఆనవాయితీ అయింది. దెబ్బతిన్నవాళ్లు వైట్ స్పాట్ తెగులు అంటారు, రేటు పడిందంటారు. రెండూ నిజమే, 2025 ఆగస్టులో మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. కానీ అలాంటి దెబ్బకు ఒకడు తట్టుకుని, పక్కవాడు చెరువు వదిలేయడానికి పెద్ద కారణం ఆ అరువే.

కిలో రొయ్యకు 1.4 కిలోల మేత పడితే టన్నుకు 1,400 కిలోలు. అరువు వల్ల కిలో మేతకు 5 రూపాయలు ఎక్కువ పడిందనుకున్నా టన్నుకు 7,000 రూపాయలు పోయినట్టే. అంతకన్నా పెద్ద నష్టం పట్టుబడి రోజున. 100 కౌంట్ అంటే కిలోకు వంద రొయ్యలు. సరుకు ఆరోగ్యంగా ఉంటే ఇంకొన్ని రోజులు ఆగి 80 కౌంట్‌కు తేవచ్చు, రేటూ పెరుగుతుంది. బాకీ ఉన్నవాడికి ఆగే వీలుండదు, నలుగురితో బేరమాడే వీలూ ఉండదు. చేతి డబ్బుతో మేత కొన్నవాడు చెరువులో ఉంచిన చెక్ ట్రే ఎత్తి, అందులో మిగిలిన మేత గుళికలు చూసి మర్నాటి మేత తగ్గిస్తాడు. అరువు బస్తా దగ్గర ఆ జాగ్రత్త సడలుతుంది.

డీలర్ లేకపోతే ఎవరిస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. పంట పోతే ఆయన డబ్బూ మునుగుతుంది. అయితే 2018-19 కేంద్ర బడ్జెట్ నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు మత్స్య సాగుకూ వర్తిస్తోంది, లీజు చెరువువాళ్లూ అర్హులే. అడ్డం పడేది నోటిమాట లీజు: కాగితం లేనివాడిని బ్యాంకు నమ్మదు. భూయజమానులు రాతపూర్వకంగా ఇచ్చేలా చేయడం ప్రభుత్వం పని. చిన్న చెరువుకు ఖర్చులు గిట్టవన్న మాటలోనూ నిజముంది, కాపలా మనిషి జీతం ఎన్ని ఎకరాలైనా ఒకటే. అయినా కొత్తగా దిగేవాడు పది ఎకరాలు అరువుతో చేసేకన్నా, పంట చివరిదాకా మేతకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకోగలిగినంత చెరువే తీసుకోవాలి.