తీసేయాలా, ఉంచాలా? ఒక క్వార్టర్‌బ్యాక్ కథలో మనకున్న పాఠం

ఐపీఎల్ వేలం దగ్గరపడుతుందంటే చిట్యాలలో వాదన మొదలైనట్టే. హైదరాబాద్–విజయవాడ హైవే పక్కన టీ కొట్ల దగ్గర, బస్టాండులో, కాలేజీ గ్రౌండులో ఒకటే ముచ్చట. ఫలానా ఆటగాణ్ని ఉంచాలా, తీసేయాలా? "వానితోని కాదు, తీసేయాలె" అని ఒకరంటే, "ఇంకొక్క సీజన్ చూద్దాం" అని ఇంకొకరు. ఉప్పల్ స్టేడియం దగ్గరే కాబట్టి సన్‌రైజర్స్ గెలుపోటములు ఇక్కడివాళ్ళకు ఇంటి సంగతులే. ఈ వాదనను నేను కాలక్షేపంగా కొట్టిపారేయలేను. తడబడుతున్న మనిషిని ఎలా అంచనా కట్టాలన్న ప్రశ్న ఆటతో ఆగిపోదు. ఆ ప్రశ్నకు మనం తొందరపడి జవాబిస్తున్నాం. ఎక్కడ తొందరపడుతున్నామో అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ చూస్తే తెలుస్తుంది.

వాళ్ళ ఫుట్‌బాల్‌లో బంతిని ఎక్కువగా చేత్తో విసురుతారు, చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. జట్టుకు మెదడులాంటివాడు క్వార్టర్‌బ్యాక్. దాడికి దిగిన దాదాపు ప్రతిసారీ బంతి ముందు అతని చేతికే వస్తుంది. ఎవరికి విసరాలో తేల్చుకోవడానికి అతనికి దొరికేది రెండు మూడు సెకన్లు. ఆ కాస్త సమయం కూడా ముందు నిలబడి ప్రత్యర్థుల్ని అడ్డుకునే అయిదుగురు భారీ ఆటగాళ్ళు ఇప్పించాల్సిందే. వాళ్ళు తడబడితే ఇతను నేలకూలతాడు. అతను విసిరిన బంతిని ఎదుటివాళ్ళు పట్టుకుంటే అది అతని ఖాతాలో తప్పు. గెలిస్తే పొగడ్తలన్నీ అతనికి, ఓడితే తిట్లన్నీ అతనికి. సీజన్ ఫిబ్రవరిలో ముగిసి మళ్ళీ సెప్టెంబరులో మొదలవుతుంది. మధ్య నెలలన్నీ అభిమానులు ఒక్క ప్రశ్న మీదే కొట్లాడుకుంటారు. మనవాడు వచ్చే సీజన్‌లోనైనా ఆడతాడా?

క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్ గురించి శాన్ ఫ్రాన్సిస్కోలో ఈ ప్రశ్న ఏళ్ళ తరబడి నడిచింది. 2005లో కొత్త ఆటగాళ్ళ ఎంపికలో అక్కడి ఫార్టీనైనర్స్ జట్టు అతన్ని మొట్టమొదటి ఆటగాడిగా తీసుకుంది. అదే ఏడాది 24వ స్థానంలో మరో జట్టుకు వెళ్ళిన ఆరన్ రాడ్జర్స్ తర్వాత మహా ఆటగాడయ్యాడు. ఆ పోలిక స్మిత్‌ను వదల్లేదు. మొదటి సీజన్‌లో అతను విసిరిన టచ్‌డౌన్ పాస్, అంటే నేరుగా పాయింట్లు తెచ్చే పాస్, ఒకే ఒక్కటి. ఎదుటివాళ్ళ చేతికి చిక్కిన బంతులు 11. తర్వాత భుజానికి దెబ్బ తగిలింది, శస్త్రచికిత్సలు జరిగాయి. 2010లో సొంత మైదానంలోనే ప్రేక్షకులు అతన్ని గేలిచేసి, బెంచీ మీదున్న వేరే క్వార్టర్‌బ్యాక్‌ను దింపమని కేకలు వేశారు.

స్కోరుబోర్డు మీద కనిపించనిది ఇంకొకటి జరిగింది. ఆ ఏళ్ళలో దాడిని నడిపే కోచ్ దాదాపు ఏటా మారిపోయాడు. కొత్త కోచ్ వస్తే వ్యూహాల పుస్తకం మారుతుంది, ఆటగాళ్ళు పిలుచుకునే సంకేతాలు మారతాయి, అడుగు వేసే తీరు మారుతుంది. నిరుడు కష్టపడి నేర్చుకున్నది మరిచిపోయి స్మిత్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. 2011లో జిమ్ హార్బా హెడ్ కోచ్‌గా వచ్చాడు. ఆటగాడిగా తానూ క్వార్టర్‌బ్యాకే. స్మిత్‌ను పంపించేయమని ఊరంతా అంటుంటే అతను ఉంచాడు, అతని బలానికి తగ్గట్టు ఆటను మలిచాడు. ఆ సీజన్‌లో జట్టు 16 మ్యాచుల్లో 13 గెలిచింది. స్మిత్ బంతి ఎదుటివాళ్ళకు చిక్కింది ఏడాది మొత్తం మీద అయిదుసార్లే. 2012 జనవరిలో న్యూ ఆర్లీన్స్ మీద నాకౌట్ మ్యాచ్‌ను ఆఖరి క్షణాల్లో అతని పాసే గెలిపించింది. మనిషి పాతవాడే, అతని చుట్టూ ఉన్న ఏర్పాటు కొత్తది.

దీన్ని చదివి "ఓపిక పడితే అందరూ బాగుపడతారు" అనుకుంటే తప్పు. 2007లో ఓక్లాండ్ రైడర్స్ మొదటి స్థానంలో తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ జమార్కస్ రసెల్‌కు మూడేళ్ళు అవకాశం ఇచ్చారు. అతను మొదటి నుంచి ఆడిన 25 మ్యాచుల్లో జట్టు గెలిచినవి ఏడే. 2010లో వదిలేశారు, మళ్ళీ ఆ లీగ్‌లో ఆడలేదు. స్మిత్ కథ కూడా పూర్తిగా తియ్యగా ముగియలేదు. 2012లో తలకు దెబ్బ తగిలి పక్కకు తప్పుకున్నప్పుడు అతని స్థానంలో వచ్చిన కాలిన్ కేపర్నిక్ జట్టును లీగ్ ఫైనలైన సూపర్ బౌల్ దాకా తీసుకెళ్ళాడు, స్మిత్ కాన్సస్ సిటీకి వెళ్ళిపోయాడు. మరి ఉంచాలా, తీసేయాలా అన్నది తేల్చే ముందు ఏం చూడాలి? పంట రాలేదని విత్తనాన్ని తిట్టే ముందు చేనుకు నీళ్ళు అందాయో లేదో చూస్తాం. ఆటగాడికీ ఆ న్యాయం వర్తిస్తుంది.

మన హైదరాబాద్ కుర్రాడి కథ దీనికి అచ్చమైన జత. మహ్మద్ సిరాజ్ ఆటోడ్రైవర్ కొడుకు, టెన్నిస్ బంతితో బౌలింగ్ నేర్చుకున్నవాడు. 2016–17 రంజీ సీజన్‌లో హైదరాబాద్ తరఫున 41 వికెట్లు తీస్తే, 2017 వేలంలో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొన్నది. తర్వాతి ఏడాది బెంగళూరుకు వెళ్ళాడు. అక్కడ 2019 సీజన్ అతనికి పీడకల. ఓవర్‌కు తొమ్మిదికి పైగా పరుగులిచ్చాడు. ఏప్రిల్‌లో కోల్‌కతాతో మ్యాచ్‌లో నడుము ఎత్తుకు మించి రెండు ఫుల్‌టాస్‌లు వేయడంతో అంపైర్లు బౌలింగ్ నుంచే తప్పించారు. క్రికెట్ మానేసి వెళ్ళి నాన్నతో ఆటో నడుపుకోమని జనం తిట్టారని తర్వాత అతనే చెప్పుకున్నాడు.

2020 అక్టోబర్ 21న అబుదాబీలో మళ్ళీ అదే కోల్‌కతా ఎదురైంది. ఈసారి కెప్టెన్ కోహ్లీ అతని చేతికి కొత్త బంతి ఇచ్చాడు. నాలుగు ఓవర్లు, రెండు మెయిడెన్లు, ఎనిమిది పరుగులు, మూడు వికెట్లు. ఒకే ఐపీఎల్ మ్యాచ్‌లో రెండు మెయిడెన్లు వేసిన మొదటి బౌలర్ అతనే. అంతకుముందు చిన్నస్వామి లాంటి చిన్న మైదానంలో, బంతి పాతబడ్డాక, చివరి ఓవర్లలో నిలబెట్టి చాలాసార్లు పరుగులు ఆపమన్నారు. ఇక్కడ బంతి కదిలే వేళలో వికెట్లు తీయమన్నారు. మనిషి కష్టపడ్డాడన్నది నిజం. అతనికి తగిన పని దొరికిందన్నదీ అంతే నిజం.

ఆ తర్వాత కూడా అనుమానాలు ఆగలేదు. 2023 ఆసియా కప్ ఫైనల్‌లో 21 పరుగులకు ఆరు వికెట్లు తీసి శ్రీలంకను 50కే కూల్చినవాణ్ని 2025 చాంపియన్స్ ట్రోఫీ జట్టులోకి తీసుకోలేదు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో అయిదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీశాడు. ఓవల్‌లో చివరి టెస్టులో ఇంగ్లండ్ బ్యాటర్ హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి, బౌండరీ గీత తొక్కేశాడు. 19 దగ్గర బతికిపోయిన బ్రూక్ సెంచరీ కొట్టాడు. మన ఊళ్ళో ఆ రాత్రి ఎన్ని నోళ్ళు అతన్ని తిట్టి ఉంటాయో. మర్నాడు, ఆగస్టు 4న, చివరి వికెట్ కూడా తీసి ఆరు పరుగుల తేడాతో మ్యాచ్ గెలిపించింది అతనే.

మన తొందర ఖరీదు తెలియాలంటే వార్నర్‌ను గుర్తుచేసుకోవాలి. 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్, తెలుగు పాటలకు స్టెప్పులేసి మనింటివాడైపోయిన మనిషి. 2021లో ఎనిమిది మ్యాచుల్లో 195 పరుగులే చేశాడు. మొదట కెప్టెన్సీ పోయింది, తర్వాత జట్టులో చోటు పోయింది. ఆ నవంబరులోనే టీ20 ప్రపంచకప్‌లో 289 పరుగులు చేసి, ఆస్ట్రేలియాకు కప్పు అందించి, టోర్నీలో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. అయిపోయాడనుకున్నవాడు కొన్ని వారాలకే ప్రపంచ వేదిక మీద నిలబడ్డాడు.

అమెరికా వాళ్ళ పద్ధతిలో మనం తెచ్చుకోదగ్గది మరొకటుంది. వాళ్ళు ఓపికకు గడువు పెట్టుకున్నారు. మొదటి రౌండులో ఎంపికైన ఆటగాడికి నాలుగేళ్ళ ఒప్పందం ఉంటుంది. అయిదో ఏడు ఉంచుకుంటారో లేదో మూడు సీజన్లు ఆడాక, నాలుగోది మొదలవకముందే జట్టు చెప్పేయాలి. పెట్టుబడి ఎంత, చూడాల్సిన కాలం ఎంత అన్నది ముందే తెలుసు. గడువుకు ముందే ఆశ వదులుకున్న జట్లూ లేకపోలేదు. అయినా తేదీ ఒకటుంటే వాదన ఒక దారిన నడుస్తుంది. మన దగ్గర ఒక్క ఓవర్‌కే తీర్పు ఇచ్చేస్తాం, ఒక్క సిక్సర్‌కే మార్చేస్తాం.

కాబట్టి ఈసారి వేలానికి ముందు వాదన మొదలైనప్పుడు మూడు సంగతులు అడుగుదాం. అతనికి ఇచ్చిన పని అతని బలానికి తగ్గదేనా? కోచ్, కెప్టెన్, ఆడే స్థానం ఎన్నిసార్లు మారాయి? చూడడానికి మనం ఎంత కాలం అనుకున్నాం, అది పూర్తయిందా? ఈ మూడింటికీ జవాబు దొరికాక కూడా ఆట మారకపోతే తీసేయమనే హక్కు అభిమానికి ఉంది. రసెల్ విషయంలో ఓక్లాండ్ చేసింది తప్పు కాదు. ఆటగాడి తండ్రి వృత్తిని, కులాన్ని, మతాన్ని, పుట్టిన ఊరిని మధ్యలోకి లాగే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

ఈ లెక్క ఉప్పల్‌లో ఆడే కోటీశ్వరుల కంటే చిట్యాల, నార్కట్‌పల్లి, రామన్నపేట పిల్లలకే ఎక్కువ అవసరం. సిరాజ్‌కు నాలుగు సీజన్లు దొరికాయి. ఇక్కడి కుర్రాడికి ఒక్కోసారి దొరికేది సెలక్షన్ ట్రయల్‌లో నాలుగు ఓవర్లు. ఆ ఒక్క పూట బంతి సరిగా పడకపోతే ఇంటికి పంపేస్తారు, మళ్ళీ పిలుపు రాదు. మండలం జట్టులో ఒక మ్యాచ్ ఓడగొట్టాడని వచ్చే ఆదివారం పక్కన పెట్టేది మనమే. అతను కొత్త బంతితో వేయగలవాడా, స్పిన్ ఆడగలవాడా, నెట్స్‌లో నేర్పేవాళ్ళెవరైనా ఉన్నారా అన్నది అడగం. ఊరి జట్టును నడిపే ప్రతి పెద్దమనిషీ ఒక కుర్రాణ్ని తీసేసే ముందు అతన్ని కనీసం రెండు వేర్వేరు పనుల్లో, కనీసం ఒక సీజన్ పాటు చూడాలి. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే చాలు. అప్పుడు మనం వదులుకునేవాళ్ళు నిజంగా ఆడలేనివాళ్ళే అవుతారు.