ఊళ్లో అమ్మ మందుల సంచిలో ఏముంది? ఫ్యామిలీ డాక్టర్ వచ్చే రోజే ఎందుకు చూపించాలి?

మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటున్నారు. అమ్మ కర్నూలు జిల్లా సి.బెళగల్ మండలంలోని ఓ ఊళ్లో ఉంటుంది అనుకుందాం. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. ఆమె మందుల సంచి విప్పితే 104 బండి దగ్గర ఇచ్చిన బిళ్లలు కొన్ని, ఎమ్మిగనూరులో ప్రైవేటు డాక్టర్ రాసినవి కొన్ని, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి మాత్రలు ఇంకొన్ని కనిపించవచ్చు. ప్రభుత్వ స్ట్రిప్ మీద ఆమ్లోడిపిన్ అని ఉంటుంది. ప్రైవేటు స్ట్రిప్ మీద బ్రాండ్ పేరు పెద్దగా, అదే ఆమ్లోడిపిన్ చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకే మందు రెండుసార్లు పడితే కాళ్లు వాస్తాయి, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. దానికి మళ్లీ ఇంకో మాత్ర!

ప్రాథమిక, ఓపీ వైద్యంలో ప్రతి 10 మందిలో 4 వరకు ఏదో ఒక హానికి గురవుతున్నారని, అందులో 80 శాతం వరకు ఆపగలిగినవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. రోగి భద్రత అంటే ఆపరేషన్ థియేటరే గుర్తొస్తుంది కానీ, మందుల సంచి కూడా అందులో భాగమే.

ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో మొదలైంది. పీహెచ్‌సీలో ఇద్దరు డాక్టర్లు. ఒకరు ఓపీ చూస్తే, మరొకరు 104 బండితో ఊళ్లకు వెళ్లాలి. ఒక్కో విలేజ్ క్లినిక్‌కు నెలకు రెండుసార్లు. తర్వాత ప్రభుత్వం మారింది, ఆ రాజకీయం పక్కన పెడదాం. డాక్టర్ రాని మిగతా రోజుల్లో క్లినిక్‌ను చూసుకునేది సీహెచ్‌ఓ, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలే. పొరపాట్లు జారేదీ ఎక్కువగా ఆ మధ్యలోనే.

భద్రత పెంచడానికి వాడే పద్ధతి సులువైనదే. ఒక చిన్న మార్పు అనుకోవాలి, చేసి చూడాలి, లెక్క చూసుకోవాలి, సరిదిద్దుకోవాలి. ఉదాహరణకు ఈసారి డాక్టర్ వచ్చినప్పుడు పది మంది షుగర్ రోగులను ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మని ఆశా ముందే చెబుతుంది. బల్ల మీద పోసి చూస్తారు. ఎంతమంది దగ్గర ఒకే మందు రెండు పేర్లతో ఉంది? ఎంతమంది సంచి మరిచిపోయారు? పదిహేను రోజులకు డాక్టర్ మళ్లీ వస్తారు కాబట్టి, రెండో విడతకు ముహూర్తం కుదిరినట్టే.

పశ్చిమ కర్నూలుకు ఇంకో చిక్కు ఉంది: సుగ్గి. పత్తి తీయడానికి, మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లిన కుటుంబాలకు 104 తేదీలు తప్పిపోతాయి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని, సరిగా తినకుండా ఎండలో పని చేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, అయోమయం. ఎండదెబ్బ అనుకునే ప్రమాదం ఉంది. వెళ్లే ముందే ఎన్ని రోజుల మందులు, తిండి ఆలస్యమైతే ఏం చేయాలి అన్నది చెప్పి, విన్నది వాళ్ల నోటితోనే తిరిగి చెప్పించుకోవాలి.

కష్టమైన భాగం వేరే. పొరపాటు రాస్తే మెమో వస్తుందని భయపడితే ఎవరూ రాయరు. కేంద్రం 2018లో తెచ్చిన రోగి భద్రతా ప్రణాళిక కూడా ఇలాంటి ఘటనలను నమోదు చేయాలనే చెప్పింది. నాణ్యతా సర్టిఫికెట్ గోడ మీద వేలాడుతూ, పొరపాట్ల పుస్తకం ఖాళీగా ఉన్న క్లినిక్‌ను చూస్తే నాకైతే అనుమానమే.

మీరు చేయగలిగింది ఇది. ఈ ఆదివారం అమ్మకు వీడియో కాల్ చేసి, ప్రతి స్ట్రిప్ తిప్పి చూపించమనండి. బ్రాండ్ కింద ఉన్న చిన్న పేరు, మోతాదు రాసుకోండి. ఆ జాబితాను సీహెచ్‌ఓకు పంపండి. మీ అంతట మీరు ఏ మందూ ఆపించొద్దు. మందు వికటించిందనిపిస్తే ముందు డాక్టర్‌కు చూపించండి. ఆ తర్వాత 1800-180-3024కు మీరే ఫిర్యాదు చేయవచ్చు, కాల్ ఉచితం.