ముందు అమ్మ బాక్స్‌ సర్దండి

ఉద్యోగం, ఇల్లు రెండూ చూసుకునే మహిళలు నీరసం, ఆయాసం అంటూ మా ఓపీకి వస్తుంటారు. ‘పొద్దున ఏం తిన్నారమ్మా?’ అంటే, ‘టైమెక్కడిది సార్‌, టీ తాగి వచ్చా’ అంటారు. పిల్లలకు, భర్తకు మాత్రం లంచ్‌ బాక్సులు సర్దే ఉంటారు. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్‌ 8, 9 గ్రాములు! గర్భిణులు కాని మహిళల్లో 12 కంటే తగ్గితే రక్తహీనతే. మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి ఇది ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది.

ఐరన్‌ మాత్రలు నేను రాస్తాను. తినే తీరిక మాత్రం ఇంట్లోవాళ్లే ఇవ్వాలి. రాత్రి టీవీ చూస్తూ ఒకరు తోటకూర బాగుచేయండి, ఇంకొకరు శనగలు నానబెట్టండి. పొద్దున కుక్కర్లో వేస్తే తోటకూర పప్పు, గుగ్గిళ్లు రెండూ సిద్ధం. పైన నిమ్మకాయ పిండితే వాటిలోని ఐరన్‌ను శరీరం బాగా గ్రహిస్తుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఐరన్‌ సరిగా అందదు, గంట ఆగండి.

రేపటి నుంచి మొదటి బాక్స్‌ అమ్మకే సర్దండి. మిగిలితే తినడం ఆమె వంతు కాకూడదు.