గాలి బాగానే ఉందట... ఎవరికి?

ఫోన్‌లో వెదర్ యాప్ ఓపెన్ చేస్తే ఎండ ఎంతుందో చెప్పే అంకెతో పాటు ఏక్యూఐ అని ఇంకో అంకె కూడా కనిపిస్తుంది. మనలో చాలామందిమి దాన్ని పట్టించుకోం. చూసినా, 90 అని ఉంటే "పర్లేదులే" అనుకుని క్లోజ్ చేసేస్తాం. మన దేశపు లెక్కలో 51 నుంచి 100 దాకా 'సంతృప్తికరం'. కానీ అదే పట్టికలో ఆ వరుసకి ఎదురుగా ఇంకో మాట ఉంటుంది: సున్నితమైన వాళ్లకి శ్వాసలో కొద్దిగా ఇబ్బంది కలగొచ్చు అని.

ఆ సున్నితమైన వాళ్లలో అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఉంటారు. నాకు ఈ విషయం మీద పట్టుదల ఎందుకంటే మా మామయ్యకి రెండేళ్ల కింద కిడ్నీ మార్చారు. ఇచ్చింది మా అత్తయ్యే. ఇప్పుడు వాళ్లింట్లో పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి అలారం మోగుతుంది. టాక్రోలిమస్ అనే మాత్ర టైమ్ అది. ఆ మాత్ర జీవితాంతం వేసుకోవాల్సిందే.

ఎందుకో మన భాషలోనే చెప్తాను. ఒంట్లోని రోగనిరోధక శక్తి యాంటీవైరస్ లాంటిది అనుకోండి. కొత్త కిడ్నీ దానికి తెలియని ఫైల్. దొరికితే డిలీట్ చేసేస్తుంది. "ఈ ఒక్క ఫైల్ జోలికి వెళ్లకు" అని సెట్టింగ్ పెట్టే దారి డాక్టర్ల దగ్గర ఇంకా లేదు. అందుకని మొత్తం యాంటీవైరస్ జోరే తగ్గిస్తారు. కిడ్నీ నిలుస్తుంది. కానీ బయటినుంచి వచ్చే అసలు వైరస్‌లకి, బాక్టీరియాకి, బూజులకి కూడా తలుపు సగం తెరిచినట్టే అవుతుంది. ఆ తలుపుల్లో పెద్దది ఊపిరితిత్తులు.

ఇక్కడే గాలి సంగతి వస్తుంది. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న ధూళి కణాలు. మన వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. ముక్కు, గొంతు దాటి ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా వెళ్లిపోతాయి. అక్కడ క్రిముల్ని మింగేసే కాపలా కణాలుంటాయి. ఈ ధూళి వాటి పనిని దెబ్బతీస్తుంది. అంటే మందులతో ఒక కాపలా తగ్గింది, ధూళితో రెండోది కూడా తగ్గింది.

యాప్‌లో అసలు కనపడనిది ఇంకొకటుంది. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు. దాని బీజాలు కంటికి కనిపించవు. పాత గోడ పడగొట్టినా, మట్టి తవ్వినా గాల్లోకి లేస్తాయి. మనమందరం రోజూ పీలుస్తూనే ఉంటాం, మన ఒళ్లు వాటిని శుభ్రం చేసేస్తుంది. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లలో అవి ఊపిరితిత్తుల్లోనే పెరిగి ప్రాణం మీదకి తేవచ్చు. అందుకే పెద్దాసుపత్రుల్లో రిపేర్లు జరిగేటప్పుడు ఇలాంటి పేషెంట్లున్న వార్డులకి అడ్డుతెరలు కడతారు, హెపా ఫిల్టర్లు పెడతారు. డిశ్చార్జ్ అయ్యాక గేటు బయట ఆ తెర ఎవరు కడతారు?

ఊపిరితిత్తులే మార్పించుకున్నవాళ్ల సంగతి ఇంకా కష్టం. కిడ్నీకి బయటి గాలి నేరుగా తగలదు, వీళ్లకి ప్రతి శ్వాసతో తగులుతుంది. బెల్జియంలోని లూవెన్‌లో డాక్టర్లు తమ పేషెంట్ల ఇళ్లు పెద్ద రోడ్లకి ఎంత దూరంలో ఉన్నాయో చూశారు. రోడ్డుకి దగ్గరగా ఉన్నవాళ్లలో కొత్త ఊపిరితిత్తులు దెబ్బతినడం, మరణాలు ఎక్కువగా కనిపించాయని 2011లో ప్రచురించారు. మన రోడ్ల పక్కన ఇళ్లు ఎంత దగ్గరగా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు.

"మాస్క్ పెట్టుకుని ఇంట్లో ఉండొచ్చుగా" అంటారు కొందరు. రక్తంలో మందు ఎంతుందో చూపించుకోడానికైనా ఆసుపత్రికి వెళ్లాలి కదా, అదీ ట్రాఫిక్‌లోనే. ఉద్యోగం ఉంది, ఇంటద్దె ఉంది. ఎన్‌95 బాగా పనిచేస్తుంది, మామయ్య పెట్టుకుంటాడు కూడా. పెళ్లిళ్లలో మాత్రం "ఏం బావా, ఇంకా కరోనాలోనే ఉన్నావా?" అని నవ్వుతారు. ఆయనా నవ్వేస్తాడు. అత్తయ్య నవ్వదు.

ఇంకో ప్రశ్న: కొద్దిమంది కోసం ఊరంతా మారాలా? సాఫ్ట్‌వేర్‌లో ఎడ్జ్ కేస్ దగ్గర ప్రోగ్రామ్ క్రాష్ అయితే యూజర్‌ది తప్పు అనం, బగ్ అంటాం. పైగా వీళ్లు ఒంటరిగా లేరు. కీమో తీసుకుంటున్నవాళ్లు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్స్ వాడేవాళ్లు, ఆస్తమా పిల్లలు, మన తాతయ్యలు, అమ్మమ్మలు అందరూ ఈ లైన్‌లోనే ఉన్నారు. పీఎం 2.5 ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశపు పరిమితి 40. గాలి ప్రమాణాలు అందుకోలేదని కేంద్రం గుర్తించిన నగరాల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖ మూడూ ఉన్నాయి.

అవయవదానం గురించి మనం బాగానే మాట్లాడతాం. జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకోమని స్టేటస్‌లు పెడతాం. అది మంచిదే, నేనూ చేశాను. కానీ ఒకరు ఇచ్చిన ప్రాణాన్ని మన దుమ్ముతో తీసేస్తే ఆ దానానికి మనం ఇచ్చే విలువ ఏంటి?

పెద్ద పనులు ప్రభుత్వానివి. కట్టడాల దగ్గర దుమ్ము లేవకుండా నీళ్లు చల్లాలని, చుట్టూ అడ్డు కట్టాలని, ఇసుక, మట్టి కప్పి ఉంచాలని 2018 నుంచే కేంద్రం నిబంధనలున్నాయి. అవి అమలు కావాలని అడగడం మన పని. ముందు మన క్యాంపస్‌లోనే అడుగుదాం: కొత్త బ్లాక్ చుట్టూ గ్రీన్ నెట్ ఏది? హాస్టల్ వెనక రాలిన ఆకులు తగలబెట్టడం ఎందుకు, ఎరువు చేయొచ్చుగా? భోగి మంటలో పిడకలు, కట్టెలు చాలు, టైర్లు ఎందుకు? చలికాలం పొద్దున పొగ పైకి పోదు, నేల మీదే ఆగుతుంది.

ఈ వారం నేను ప్రిన్సిపాల్‌ గారికి ఒక లెటర్ రాస్తున్నాను, గ్రీన్ నెట్, ఆకుల మంట, ఈ రెండింటి గురించే. సంతకం పెట్టేవాళ్లు క్లబ్ రూమ్‌కి రండి.