తాబేలును విడిచే ముందు దాని కాళ్ళు చూడండి



ప్రకాశం బ్యారేజి వద్ద నీరు ఆపి, బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ కట్టివేసిన వేసవి రోజులలో మన పిల్లలు తాబేళ్ళను ఇంటికి పట్టుకొని రావడం మామూలే. కొందరు వాటిని కూరకు ఉంచుతారు. కొందరు జాలిపడి దగ్గరలో ఏ నీరు కనబడితే ఆ నీటిలో విడిచిపెడతారు. ముఖ్యముగా ఈ జాలిగలవారి కొరకే ఈ నెల ఈ సంగతి వ్రాస్తున్నాము. తాబేళ్ళన్నీ ఒకే జాతి కావు. ఒక తాబేలును బ్రతికించే నీరు మరొక తాబేలును ముంచి చంపుతుంది.

కావున మొదట కాళ్ళు చూడవలెను. కాళ్ళు ఏనుగు కాళ్ళ వలె మొద్దుగా ఉండి, వేళ్ళ మధ్య పొర లేకపోతే అది మెట్ట తాబేలు. మన రాష్ట్రంలో తరచుగా చూచేది నక్షత్ర తాబేలు. దాని డిప్ప బోర్లించిన మూకుడు వలె ఎత్తుగా ఉండి, నల్లని పలకల మీద పసుపు గీతలు నక్షత్రాల వలె వ్యాపించి ఉంటాయి. అది రాయలసీమ వంటి మెట్ట ప్రాంతాల పొదలలో, గడ్డిలో తిరిగే ప్రాణి. ఈత దానికి రాదు. డెల్టాలో కనబడిందంటే ఎవరో తెచ్చినదే అనుకోవచ్చును. ఇంటికి అదృష్టము వస్తుందని కొని దాచుకొనేవారున్నారు. అదృష్టము మాట అటుంచండి, చట్టము ప్రకారము అది నేరము.

కాళ్ళకు బదులు పడవ తెడ్ల వంటి రెక్కలుంటే అది సముద్రపు తాబేలు. తలను, రెక్కలను డిప్పలోనికి లాక్కోలేదు. హంసలదీవి, నాగాయలంక వైపు తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు జనవరి మొదలు మార్చి వరకు గ్రుడ్లు పెట్టడానికి వస్తాయి. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు ఇసుకలోనుండి బయటకు వస్తాయి. వాటిని బకెట్టులో మంచినీళ్ళు పోసి ఇంటికి తేవద్దు, కాలువలో వేయవద్దు. ఇసుక మీద వాటంతట అవే సముద్రంలోనికి ప్రాకి పోనివ్వండి.

వేళ్ళ మధ్య బాతు కాలికున్నట్లు పొర ఉంటే అది మంచినీటి తాబేలు. ఇప్పుడు డిప్పను తాకి చూడండి. గట్టి పలకలు లేక, తోలు కప్పినట్లు నున్నగా ఉండి, ఒక్కొక్క కాలికి మూడే గోళ్ళుంటే అది మెత్త డిప్ప జాతి. మన వరిచేలలో, బోదెలలో, చెరువులలో ఎక్కువగా దొరికేది ఈ జాతిలోని ఫ్లాప్‌షెల్ తాబేలే. దీని గురుతు పొట్ట వైపున ఉన్నది. వెనుక కాళ్ళ దగ్గర తలుపు రెక్కల వంటి రెండు తోలు మడతలుంటాయి. కాళ్ళు లోపలికి లాక్కోగానే ఆ మడతలు మూసుకుంటాయి. ఇది నత్తలను, పురుగులను, కప్పలను, చచ్చిన చేపలను కూడా తిని నీటిని శుభ్రపరుస్తుంది.

నీరు ఎండినప్పుడు ఇది బురదలోనికి దిగి, వానలు పడేవరకు కదలక పడి ఉంటుంది. పూడిక తీసేటప్పుడు పలుగుకు తగిలితే చచ్చినదనుకొని గట్టు మీద పారవేస్తారు. అది చావలేదు. ఎండ తగలని చోట తడి మట్టిలో మరల కప్పివేస్తే చాలును.

కృష్ణా నదిలో దీనికి పెద్ద బంధువు ఒకటి ఉన్నది, పేరు లీత్ తాబేలు. దానికి పొట్ట క్రింద తోలు తలుపులుండవు. మూతి చిన్న గొట్టము వలె ముందుకు పొడుచుకొని ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు వీపు మీద కళ్ళ వంటి గుండ్రని మచ్చలు కనబడతాయి. పెరిగితే డిప్ప రెండడుగులు ఉంటుంది. ఇది దక్షిణ భారత నదులలోనిదే గాని, ప్రపంచములో అంతరించిపోయే ప్రమాదము మిక్కిలిగా ఉన్నవాటిలో ఒకటిగా 2021లో లెక్కించబడింది. దాని మెడ చాలా పొడవు, కాటు గట్టిది. ఏ మెత్త డిప్ప తాబేలునైనా తోక పట్టి ఎత్తరాదు. రెండు చేతులతో వెనుక ప్రక్కల పట్టుకోవలెను.

గట్టి డిప్పవాటిని పోల్చుట సులభము. నలుపు లేక ముదురు గోధుమ రంగు వీపు మీద పొడవునా మూడు గట్లు ఉంటే నల్ల తాబేలు. వీపు గుడిసె కప్పు వలె లేచి, నడిమి వెన్ను మీద ముల్లు వంటి మొన ఉంటే టెంట్ తాబేలు. అది నది వదలి మన చేలలోనికి రావడం అరుదు.

కూరకు ఉంచేవారికి కూడా ఒక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో ఫ్లాప్‌షెల్ తాబేలు పులితో సమానముగా మొదటి షెడ్యూలులోనే ఉన్నది. పట్టినా, అమ్మినా మూడు నుండి ఏడు సంవత్సరాల జైలు. గోనెసంచులకెత్తి ఒడిశా వైపు పంపే వ్యాపారులు పట్టేవానికిచ్చేది కొద్ది రూపాయలు. కేసు మాత్రము పేదవాని మీద కూడా పడుతుంది.

ఇక కంటి వెనుక ఎర్ర గీత ఉన్న ఆకుపచ్చని పిల్ల తాబేలు మన దేశపుది కాదు. అమెరికా నుండి వచ్చినది, అక్వేరియం దుకాణాలలో రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు అమ్ముతారు. అది అడుగు పొడవు పెరిగి ఇరవై, ముప్పై ఏండ్లు బ్రతుకుతుంది. విసుగొచ్చి కాలువలో వదిలితే మన తాబేళ్ళ తిండిని, చోటును ఆక్రమిస్తుంది. దాని వలన పిల్లలకు సాల్మొనెల్లా జబ్బు వస్తున్నదని అమెరికాలో 1975లోనే నాలుగు అంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించారు. ఇప్పటికే ఇంట్లో ఉంటే తొట్టిలోనే ఉంచండి, ముట్టిన ప్రతిసారి పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. నీటి తాబేలైతే దొరికిన చోటనే విడవండి. మెట్ట తాబేలైనా, గాయపడినదైనా, ఏదో తెలియనిదైనా గంపలో తడిగుడ్డ వేసి ఉంచి, అటవీ శాఖ రేంజి ఆఫీసుకు కబురు చేయండి.