విక్రయం తెలిసిన పిల్లకు జర్మన్ కష్టమా?

మొన్నటి తల్లిదండ్రుల సమావేశంలో ఒక తండ్రి లేచి, "తెలుగు ఇంట్లో మాట్లాడుతూనే ఉన్నాం కదండీ, ఆ పీరియడ్ తీసేసి జర్మన్ పెట్టించండి. రేపు పనికొస్తుంది" అన్నారు. మా హోసూరు దాటితే బెంగళూరు. అక్కడి జర్మన్ కంపెనీలు, నర్సింగ్ చదివి జర్మనీకి ప్రయాణమయ్యే అక్కలు పిల్లలకు కళ్లెదుటే కనిపిస్తుంటారు. ఆయన కోరికలో తప్పేమీ లేదు. నా అభ్యంతరమల్లా "తీసేసి" అన్న మాట దగ్గరే. జర్మన్ నేర్చుకునేవాళ్లు బాగా తడబడే చోటు ఒకటుంది. అక్కడ ఆసరాగా నిలిచేది ఆ తెలుగు పీరియడే.

జర్మన్‌లో ష్టేయెన్ అంటే నిలబడటం. దాని ముందు ఫెర్ చేరి ఫెర్‌ష్టేయెన్ అయితే అర్థం చేసుకోవడం. ఎంట్ చేరితే ఏర్పడటం, పుట్టుకురావడం. గె చేరితే తప్పు ఒప్పుకోవడం. బె చేరితే పరీక్ష పాసవడం. ఔఫ్ చేరితే లేవడం. క్రియ ఒక్కటే, అర్థాలు ఆరు. నిలబడటానికీ తప్పు ఒప్పుకోవడానికీ ఏం సంబంధమని పిల్లవాడు తల పట్టుకుంటాడు. చివరికి పట్టిక రాసుకుని బట్టీ పడతాడు. పరీక్ష గదిలో గె, బె తారుమారవుతాయి.

అదే పిల్లవాడు మన క్లాసులో ఆహారం, విహారం, సంహారం, పరిహారం చదివే ఉంటాడు. అన్నిటికీ మూలం 'హృ' ధాతువే. ఒకటి తినేది, ఒకటి షికారు, ఒకటి చంపడం, ఒకటి నష్టానికి ఇచ్చేది. వీటిని చూసి ఏ పిల్లవాడూ బెదిరిపోలేదు. బెదరకుండా నేర్చుకున్నదాన్ని మనమే 22 ఉపసర్గల జాబితాగా, ఒక మార్కు ప్రశ్నగా మార్చి పక్కన పెట్టేశాం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ కౌఫెన్. అంటే కొనడం. ఫెర్‌కౌఫెన్ అంటే అమ్మడం. ఇంగ్లిష్ మీదుగా వెళ్లే పిల్లకు బై, సెల్ వేర్వేరు మాటలు. అచ్చ తెలుగులోనూ కొనడం, అమ్మడం వేర్వేరే. మరి క్రయం, విక్రయం? ముందు 'వి' చేరగానే కొనుగోలు కాస్తా అమ్మకమైంది. పొలం దస్తావేజుల్లో క్రయవిక్రయాలన్న మాట చూసిన ఇంటి పిల్లకు ఫెర్‌కౌఫెన్ ఎందుకు వింతగా ఉండాలి? అలాగే ఉత్థానం. ఉత్ అంటే పైకి, స్థా అంటే నిలబడటం. ఔఫ్‌ష్టేయెన్‌ను విడగొట్టినా వచ్చేది అదే. స్థా, ష్టేయెన్ ఒకే పాత మూలం నుంచి వచ్చిన దాయాదులు. తెలుగు ఆ కుటుంబంలోది కాదు. మన సొంత క్రియ తల మార్చుకోదు, తోక మార్చుకుంటుంది: చెప్పేయి, చెప్పుకో, చెప్పించు. ఉపసర్గలు సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్నవే. అయినా వాడి వాడి మనవైపోయాయి.

ఇక జర్మన్ పెట్టే అసలు తిప్పలు చూడండి. ఆరింటికి లేస్తాను అనడానికి "ఇష్ ష్టేయె ఉమ్ జెక్స్ ఊర్ ఔఫ్" అంటారు. ఔఫ్ క్రియను వదిలి వాక్యం చివరికి పోయింది. ఫెర్, బె, గె, ఎంట్ మాత్రం ఎన్నడూ విడిపోవు. ఉమ్ లాంటివి రెండు విధాలా నడుస్తాయి. ఉమ్‌ఫారెన్‌లో 'ఉమ్' మీద ఊనిక పెడితే బండితో గుద్ది పడేయడం, 'ఫా' మీద పెడితే చుట్టు తిరిగి తప్పించుకుపోవడం. (డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లకు ఈ తేడా తెలిసి తీరాలి!) ఇదీ మనకు పూర్తిగా కొత్త కాదు. వేదభాషలో ఉపసర్గ క్రియకు దూరంగా ఉండొచ్చని పాణినే ఒప్పుకున్నాడు. ఋగ్వేదాన్ని సాయణభాష్యంతో అచ్చువేయించిన మాక్స్ ముల్లర్ పేరుతోనే బెంగళూరులో, చెన్నైలో, పుణెలో జర్మన్ నేర్పే భవనాలు నడుస్తున్నాయి.

అలాగని ఉపసర్గ తెలిస్తే అర్థం దానంతటదే తెలిసిపోతుందని నేను అనను. ష్ప్రెషెన్ మాట్లాడటం, ఫెర్‌ష్ప్రెషెన్ మాట ఇవ్వడం. అదే 'తనను' అన్న అర్థమిచ్చే మాటతో కలిస్తే నోరు జారడం. ఫెర్‌కు ఒకే అర్థం చెప్పబోతే దొరికిపోతాం. మన 'వి' కూడా అంతే. వియోగంలో విడదీస్తుంది, విజ్ఞానంలో మరింత పెంచుతుంది. అందుకే తెలుగు మాస్టారూ, జర్మన్ టీచరూ ఉపసర్గల పాఠాన్ని వాక్యాలతో, వీలైతే ఒకే వారంలో చెప్పాలి. జాబితాను బల్ల మీద పెట్టి అప్పజెప్పించుకోవడం ఇద్దరూ మానాలి.

2014లో కేంద్రీయ విద్యాలయాల్లో చదువుల సంవత్సరం మధ్యలో మూడో భాషగా జర్మన్‌ను తప్పించి సంస్కృతం పెట్టినప్పుడు పెద్ద వాదనే నడిచింది. ఒకటి పోతేనే ఇంకొకటి రావాలన్న లెక్క అప్పుడూ ఇదే. పై రాష్ట్రాల్లో ఉన్న మనకు ఆ లెక్క మరీ ప్రమాదం. ఇక్కడ ఒకసారి టైంటేబుల్ నుంచి పోయిన తెలుగు పీరియడ్‌ను వెనక్కి తెచ్చుకోవడం ఎంత కష్టమో బడి నడిపేవాళ్లకు తెలుసు. ఇంట్లో మాట్లాడే తెలుగులో విక్రయం, ఉత్థానం, పరిహారం ఎన్నిసార్లు వినిపిస్తాయో ఆ తండ్రిగారే లెక్కపెట్టి చూడాలి.

వచ్చే సమావేశంలో జర్మన్ పీరియడ్ కావాలని నేనూ అడుగుతాను. తెలుగు పీరియడ్ పక్కన, దాని చోట్లో కాదు.