గరిడి గురువు

సాము నేర్చుట యొక విద్య. సాము నేర్పుట వేఱొక విద్య. గరిడి నడపుట యీ రెంటికంటెను భిన్నమైన మూడవ విద్య. మొదటిదానిలో ఆరితేరినవారు రెండవదానిలో తడబడుట లోకమున తఱచు కానవచ్చును. రెంటను సమర్థులైనవారు సైతము మూడవదానియందు చిక్కువడి, కొన్నాళ్లకు తమ విద్యకే దూరమైపోవుట మఱింత విచారకరము. గరిడి తలుపు తెఱచిన దినముననే 'గురువు' అను పేరు వచ్చును. ఆ పేరు వచ్చినది మొదలు అతనిని పడద్రోయువా డుండడు; తప్పు పట్టువా డుండడు. పిల్లలు వంగి నమస్కరింతురు. తల్లిదండ్రులు కుర్చీ వేసి కూర్చుండబెట్టుదురు. చూచుచుండగనే పది సంవత్సరములు గడచిపోవును. ఆ పదేండ్లలో శిష్యులు ఎంతో కొంత యెదుగుదురు; గురువు మాత్రము తలుపు తెఱచిన నాటి గడప యొద్దనే నిలిచియుండును.

ఈ మాట కొందఱికి కటువుగా తోపవచ్చును. గురువు నిలిచిపోయిన నేమి, శిష్యులకు చెప్పవలసినది చెప్పుచున్నాడు గదా యని వారి వాదము. గణితమున కూడికలు మాఱవు. కుస్తీలో పట్లు మాఱవు. కావున ఒకమాఱు నేర్చినది చాలునని వారి భావము. కాని పట్టు మాఱకపోయినను, పట్టువాని దేహము ఏటేట మాఱుచుండును. పట్టబడువాడు ప్రతిదినమును వేఱుగా నుండును. లావుపాటి బాలుడు, పిఱికి బాలుడు, కోపిష్ఠి, కాలు బెణికినవాడు - వీరందఱికి ఒకే పాఠము ఒకే రీతిని చెప్పువాడు పాఠము చెప్పుటలేదు, అప్పగించుచున్నాడు.

తెలుగునాట సాముగరిడీలకు కొదువలేని కాలమొకటి యుండెను. పట్టణములలో తాలింఖానాలు, పల్లెలలో గరిడీలు వెలసియుండెను. కఱ్ఱసాము, కత్తిసాము, కుస్తీ అభ్యసించిన యువకులు దసరాకును, పీర్లపండుగకును వీథులలో తమ నేర్పు చూపెడివారు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడు విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా నుండి, పిమ్మట సర్కసు నెలకొల్పి, దేశవిదేశములలో ఖ్యాతి గడించెను. నేడు ఆ గరిడీలు చాలవఱకు మూతపడినవి. వాని స్థానమున కరాటే, జూడో, తైక్వాండో నేర్పు శాలలు చిన్న పట్టణములలో సైతము కనబడుచున్నవి. బాలికల పాఠశాలలలో ఆత్మరక్షణకై కరాటే నేర్పుచున్నారు. ఇది సంతోషింపదగిన మార్పే. కాని పాత గరిడీలను తినివేసిన చెదపురుగు క్రొత్త శాలలలోనికి రాకుండునా యని విచారింపవలసి యున్నది.

ఆ చెదపురుగు విద్యను దాచుకొను బుద్ధి. పిల్లి పులికి అన్ని విద్యలును నేర్పి, చెట్టెక్కు విద్యను మాత్రము దాచుకొన్నదను కథ మన యిండ్లలో పిల్లల కందఱికి తెలియును. పులి తన్ను తినబోవగా పిల్లి చెట్టెక్కి బ్రతికెనట. కథ చమత్కారముగానే యున్నది. దానిని గరిడిలో నీతిగా పట్టుకొన్నచో మాత్రము కీడు కలుగును. ప్రతి గురువును ఒక్కొక్క పట్టు దాచుకొని పోయినయెడల, నాలుగైదు తరములు గడచునప్పటికి శిష్యుల చేతిలో మిగులునది దండములు, బస్కీలు మాత్రమే.

భారతములోని ద్రోణాచార్యుని చూడుడు. అంతటి విలుకాడు మఱియొకడు లేడు. ఆయన గరిడియే మన పురాణములలో మిక్కిలి ప్రసిద్ధమైనది. అయినను ఆ గరిడి నడచిన తీరు నిష్పక్షపాతముగా పరిశీలించినచో మెచ్చుకొనదగినది కాదు. నీరు తెచ్చుటకై శిష్యుల కందఱికి మూతి సన్నని పాత్రల నిచ్చి, కుమారుడైన అశ్వత్థామకు మాత్రము వెడల్పు మూతి పాత్ర నిచ్చెనని సంస్కృతభారతము చెప్పుచున్నది. కుమారుడు ముందుగా నీరు నింపుకొని వచ్చును. మిగిలినవారు వచ్చులోపల అతనికి అదనపు విద్య లభించును. అర్జునుడు ఈ రహస్యము కనిపెట్టి, వారుణాస్త్రముతో పాత్ర నింపుకొని తానును వెంటనే వచ్చుచుండెను. ఏకలవ్యుని కథ చెప్పనక్కఱలేదు. నిషాదుడని చేర్చుకొనలేదు, చేర్చుకొనకయే గురుదక్షిణగా అంగుష్ఠము నడిగెను. అర్జునునితో సమానుడైన విలుకాడు లోకములో లేకుండునట్లు చేయుదునని మాట యిచ్చితినన్న నెపముతో, ఎవరి సాయమును లేక తనంత యెదిగిన విద్యార్థి చేతిని గురువు పాడుచేసెను. పండితులు ఈ ఘట్టమునకు ఎన్ని సమర్థనములైన చెప్పుదురు గాక. గరిడి పేరు నిలుపుకొనుటకై శిష్యుని వ్రేలు కోయించిన గురువునకు, అటుపిమ్మట విలువిద్యలో తాను క్రొత్తగా నేర్చికొనునది యేమి మిగిలియుండును?

దీనికి సరిగా ఎదురుగా నిలుచు వృత్తాంతము జపాను దేశమున జరిగినది. జూడో విద్యకు మూలపురుషుడు జిగొరో కానో 1860వ సంవత్సరమున జన్మించెను. ఆయన పొట్టివాడు, బక్కపలుచనివాడు. బడిలో బలిష్ఠులైన బాలురు తన్ను బాధించుచుండగా, జూజుత్సు అను ప్రాచీన మల్లవిద్య నేర్చిన బాధ తీరునని తలచెను. పదునేడవ యేట ఫుకుడా హచినొసుకె అను గురువు నొద్ద చేరెను. ఆ గురువు వివరించి చెప్పువాడు కాడు. ఒక పట్టులో చేయి ఎట్లు పెట్టవలె, కాలెట్లు పెట్టవలెనని శిష్యుడు అడిగినచో, రమ్మని పిలిచి యెత్తి పడవేయును. మరల అడిగినచో మరల పడవేయును. పడగా పడగా తెలియునని ఆయన నమ్మకము. కానో ఒంటినిండ పట్టీలు వేసికొని ఆ విద్య నేర్చెను; కాని తాను గురువైనప్పుడు కారణము చెప్పి నేర్పవలెనని ఆనాడే అతని మనస్సున నాటుకొనెను. అదే గరిడిలో తనకంటె ఎంతో బలిష్ఠుడొకడు అతనికి లొంగకుండెను. కానో గ్రంథాలయమునకు పోయి, పాశ్చాత్యుల కుస్తీని గూర్చిన పుస్తకములు వెదకి, ప్రత్యర్థిని భుజములమీది కెత్తి పడవేయు పట్టొకటి కనుగొని, దానితో వానిని జయించెను. పరాయి పుస్తకమునుండి పట్టు తెచ్చుకొనుటకు అతడు సిగ్గుపడలేదు.

1879లో ఫుకుడా మరణించెను. ఆయన కుటుంబమువారు సంప్రదాయ గ్రంథములను కానోకు అప్పగించి, గరిడిని చూచుకొమ్మని కోరిరి. ఇరువది యేండ్లైన నిండని యువకునకు గురుపీఠము ఒడిలోనికి వచ్చి పడినది. మఱియొకడైనచో అంతటితో తృప్తినొంది యుండును. కానో తన విద్య చాలదని గ్రహించి, ఇసో అను వేఱొక గురువునొద్ద శిష్యుడుగా చేరెను. 1881లో ఆయనయు గతించగా, కితో సంప్రదాయమునకు చెందిన ఈకుబో అను మూడవ గురువును వెదకికొనెను.

1882లో తోక్యో నగరమున ఈషోజీ అను బౌద్ధాలయములో పండ్రెండు చాపల వైశాల్యము గల గదిలో కానో తన శాలను తెఱచెను. దానికి కొడోకాన్ అని పేరు పెట్టెను. మార్గమును అధ్యయనము చేయు నిలయమని దాని అర్థము. గెలుపు నేర్పు నిలయమని గాని, వీరులను తయారుచేయు నిలయమని గాని పేరిడలేదు. మొదటి సంవత్సరమున చేరినవారు తొమ్మండుగురు. వీరు పడుచు లేచుచుండగా ఆలయపు నేల దూలములు విఱిగెడివి. గురువే దీపము పట్టుకొని నేల క్రిందికి దూరి వానిని బాగుచేసెడివాడు. శిష్యుల యొద్ద రుసుము పుచ్చుకొనలేదు. పగలు ఉపాధ్యాయవృత్తి, రాత్రివేళ అనువాదములు చేసి తెచ్చిన ధనముతో శాల నడచెను.

ఇచ్చట ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. శాల తెఱచిన తరువాత కూడ కానో ఈకుబో నొద్ద విద్యాభ్యాసము మానలేదు. ఆ వృద్ధగురువును తన శాలకే రప్పించి, తన శిష్యుల యెదుటనే ఆయన చేత పడుచు నేర్చుకొనుచుండెను. తమ గురువు మఱియొకరి చేతిలో పడుట ఆ పిల్లలు కన్నులార చూచిరి. దానిచే వారికి గౌరవము తగ్గినట్లు ఎచ్చటను కానరాదు.

కొంత కాలమునకు ఒక దినమున విచిత్రము జరిగెను. ఎప్పుడును గురువు పడవేయుచుండగా పడునట్టి కానో, ఆనాడు గురువునే మాటిమాటికి పడవేసెను. గురువు పట్లు ఒక్కటియు పాఱలేదు. ఈకుబో ఆశ్చర్యపడి కారణ మడిగెను. ఎదిరి దేహము నిలుకడ తప్పిన క్షణమున మాత్రమే పట్టు పాఱుననియు, కావున ముందుగా ఆ నిలుకడను తప్పించి, ఆపైన పట్టు ప్రయోగింపవలెననియు తాను కనుగొన్న సూత్రమును కానో విన్నవించెను. ఈకుబో అంతయు విని, తాను నేర్పవలసినది ఇక లేదని చెప్పి, పూర్ణాధికారపత్రమును, తన సంప్రదాయ గ్రంథములను అతని కప్పగించెను.

అచ్చట శిష్యుని వ్రేలు తెగినది. ఇచ్చట శిష్యుని చేతికి గ్రంథములు వచ్చినవి. ఇద్దఱు గురువులును గొప్ప యోధులే. భేదమంతయు ఓటమి యెదురైన క్షణమున వారు నడచుకొన్న విధమున నున్నది. ఈకుబో ఆనాడు కనులెఱ్ఱజేసి, శిష్యుడు మర్యాద మీఱెనని పంపివేసి యున్నచో, జూడో యొక్క ప్రాణసూత్రము ఆ పండ్రెండు చాపల గదిలోనే అణగారి యుండునేమో.

గురువు శిష్యుని చేత పడినచో క్రమశిక్షణ యుండునా యని ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. అలసత్వముచే, అభ్యాసము మానుటచే పడినవానిని చూచి శిష్యులు నవ్వుదురు, నవ్వుట న్యాయమే. అనుదినము చెమట యోడ్చి, శక్తివంచన లేక నిలిచి, అయినను పడినవానిని చూచి నవ్వువా డుండడు. అసలు పడుదునేమో యను భయముతో చాపమీదికే రాక, ఈల చేతబట్టి అంచున నిలిచి యుత్తరువు లిచ్చువాని కీర్తి యొక్కటే శిష్యుల మనస్సులో నిజముగా కరిగిపోవుచుండును. పిల్లలు ఈ విషయమును పెద్దలు తలచినదానికంటె ముందుగనే కనిపెట్టుదురు.

ధనమును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. గరిడి నడపువాడు ఉపవాసముండి నడపవలెనని చెప్పుట తగదు. అద్దె కట్టవలెను, చాపలు కొనవలెను, సంసారము సాగవలెను. కావున రుసుము పుచ్చుకొనుట దోషము కాదు. దోషము రంగుల నడికట్టుల అంగడిలో నున్నది. ఏయే శ్రేణికి ఏ రంగను ఏర్పాటు శిష్యుని పురోగతిని తెలుపుటకు పుట్టినది. 1883లో కానో తన శిష్యులిద్దఱికి మొట్టమొదటి శ్రేణి నొసంగినప్పుడు దానికి విలువ యుండెను. పరీక్షరుసుము చెల్లించిన ప్రతివానికి మూడు నెలల కొక క్రొత్త రంగు కట్టబెట్టు శాలలో ఆ విలువ నిలువదు. పదేండ్ల బాలుడు నల్లకట్టు కట్టుకొని, వీథిలో నిజముగా ఆపద వచ్చినప్పుడు తానేదో చేయగలనని భ్రమించుట ప్రాణాపాయము. ఆ భ్రమను అమ్మినవాడు గురువు కాడు, వర్తకుడు. దుకాణమున తూనిక తప్పినవానికైన దండన యున్నది!

కేరళమున వడకరలో మీనాక్షియమ్మ యను వనిత కలరిప్పయట్టు విద్యను నేర్పుచు ప్రసిద్ధికెక్కినది. ఏడవయేట ఆ విద్యలో ప్రవేశించి, ఆమెకు గురువును భర్తయు నైన రాఘవన్ గురుక్కళ్ 1949లో స్థాపించిన కలరిని ఆయన యనంతరము తానే నడపుచు వచ్చినది. నియతమైన రుసుము లేదు. శిష్యులు తమ యిచ్చ వచ్చిన దక్షిణ సమర్పింతురు. 2017లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుద మొసంగునాటికి ఆమె డెబ్బది యేండ్లు దాటినది. చీర కచ్చ బిగించి, కత్తియు డాలును చేబూని, తనకంటె ఎంతో చిన్నవారితో కలరి నేలమీద తలపడుచునే యుండెను. కలరిలో గురుక్కళ్ అనువాడు ఆయుధవిద్యతో పాటు నూనె మర్దనము, ఎముకల చికిత్స కూడ తెలిసినవాడై యుండవలెను. దెబ్బ కొట్టుట నేర్పువాడు దెబ్బ మాన్పుట నేర్చియుండవలెనను ఈ నియమము మన వ్యాయామశాలలు ఎరువు తెచ్చుకొనదగినది.

వయస్సు మీఱిన గురువు ఇంకేమి నేర్చుకొనగలడని అనువారికి కానో మొదటి గురువు మనుమరాలే సమాధానము. ఫుకుడా కెయికో యను ఆ వనిత నాలుగడుగుల పదునొకండు అంగుళముల పొడవు గలది. తన తొలి గురువు నెడ కృతజ్ఞతతో కానో ఆహ్వానింపగా, ఆమె 1935లో కొడోకాన్‌లోని స్త్రీల విభాగమున చేరెను. స్త్రీలకు ఐదవ శ్రేణిని మించి యొసంగు ఆచారము లేకపోవుటచే దాదాపు ఇరువది యేండ్లు ఆమె ఆ శ్రేణిలోనే నిలుపబడెను. 1972లో ఆ కట్టుబాటు సడలినది. పిమ్మట శాన్ ఫ్రాన్సిస్కో నగరమున స్త్రీలకు శాల నడపుచు, 2011లో, తొంబదియెనిమిదవ యేట, అమెరికా జూడో సంఘమువారిచే పదవ శ్రేణిని పొందెను. 2013లో తొంబదితొమ్మిదవ యేట మరణించెను. చివరి సంవత్సరములలో సైతము శిష్యురాండ్రకు పాఠము చెప్పుట మానలేదు. శ్రేణి పెరుగకున్నను విద్య పెరుగుట కడ్డులేదని ఆమె జీవితమున తేటపడుచున్నది.

మన బాలికల పాఠశాలలకు కరాటే నేర్ప వచ్చు ఉపాధ్యాయుల సంగతి ఇప్పుడు ఆలోచింపవలెను. వారిలో పెక్కండ్రు కొలది నెలల ఒప్పందముపై ఒక బడినుండి వేఱొక బడికి తిరుగుచుందురు. ప్రొద్దుననుండి సాయంకాలము వఱకు ప్రారంభపు పాఠములనే వల్లించుటతో వారి దినము గడచిపోవును. తమకంటె మెఱుగైనవారితో తలపడు నవకాశము వారికి అరుదు. వేసవి సెలవులలో నొక నెల ప్రతి శిక్షకుడును తన శాలకు తాళమువేసి, వేఱొక జిల్లాలోని గరిడిలో తెల్లకట్టు కట్టుకొని, వెనుక వరుసలో పిల్లలతోపాటు నిలుచు ఏర్పాటు చేయవలెను. ఆ నెల జీతమును, దారిబత్తెమును పాఠశాలలే భరింపవలెను. పాఠములు చెప్పు ఇతర ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు జరుగుచుండగా, బాలికలకు ప్రాణరక్షణ నేర్పువానికి మాత్రము అట్టి తరగతులు ఎందుకు ఉండరాదు?